దృశ్య శబ్ద సమన్వయం

దృశ్య శబ్ద సమన్వయం అనగా వీడియోలో కనిపించే చర్యకు, దానితో పాటు వినిపించే శబ్దానికి మధ్య ఉండవలసిన కాలపు పొంతన. మాట్లాడే మనిషి పెదవుల కదలిక, అతని మాట ఒకే సమయంలో ప్రేక్షకునికి చేరినపుడు ఈ సమన్వయం కుదిరినట్లు భావిస్తారు. సినిమా, టెలివిజన్ రంగాలలో దీనిని లిప్ సింక్ అని, కంప్యూటర్ రంగంలో ఏవీ సింక్ అని, వాడుకలో క్లుప్తంగా సింక్ అని వ్యవహరిస్తారు. పొంతన తప్పిన వీడియోలో శబ్దం ముందుగా గాని, ఆలస్యంగా గాని వినబడుతుంది.

ఈ లోపం చాలావరకు సరిచేయదగినదే. అయితే లోపాలన్నీ ఒకే రకానికి చెందినవి కావు. మొదటి నుండి చివరి వరకు ఒకే అంతరం ఉండే ఫైలుకు పనికివచ్చే సవరణ, అంతరం క్రమంగా పెరిగే ఫైలును ఒకచోట సరిచేసి మరొకచోట చెడగొడుతుంది. అందువలన సవరణకు ముందు లోపం ఏ రకానిదో కొలిచి నిర్ణయించుకోవడం ఈ పనిలో ప్రధానమైన అంశం.

మానవ గ్రహణశక్తి

కాంతి వేగంతో పోలిస్తే శబ్దవేగం చాలా తక్కువ. 20 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత వద్ద గాలిలో శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు ప్రయాణిస్తుంది. ఏటికి అవతలి గట్టున చాకిరేవులో బట్టలు ఉతికేవారిని చూస్తే, బట్ట బండను తాకిన తరువాత కొంతసేపటికి గాని ఆ చప్పుడు వినబడదు. మెరుపు తరువాత ఉరుము వినబడడం కూడా ఇటువంటిదే. ప్రకృతిలో శబ్దం దృశ్యం కంటే వెనుకబడడం సాధారణం, ముందు రావడం ఎన్నడూ జరగదు. వీడియోలో కొద్దిగా ఆలస్యమైన శబ్దాన్ని మనిషి సహించగలిగి, అంతే మోతాదులో ముందుగా వచ్చిన శబ్దాన్ని సహించలేకపోవడానికి ఈ అలవాటే కారణమని భావిస్తారు.

అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ 1998లో వెలువరించిన బీటీ.1359-1 అను సిఫారసు ఈ తేడాను అంకెలలో చూపింది. దాని ప్రకారం శబ్దం 45 మిల్లీసెకన్లు ముందున్నా, లేదా 125 మిల్లీసెకన్లు వెనుకబడినా ప్రేక్షకులు గుర్తించగలుగుతారు. 90 మిల్లీసెకన్ల ముందు, 185 మిల్లీసెకన్ల వెనుక అనునవి అంగీకారయోగ్యమైన హద్దులు. మిల్లీసెకను అంటే సెకనులో వెయ్యవ వంతు. సెకనుకు 25 ఫ్రేములు గల వీడియోలో ఒక ఫ్రేము 40 మిల్లీసెకన్లకు సమానం. కనుక శబ్దం కేవలం రెండు ఫ్రేములు ముందు వచ్చినా చూసేవారికి తెలిసిపోతుంది.

మనిషి మాటను చెవితోనే కాక కంటితో కూడా గ్రహిస్తాడు. 1976లో హ్యారీ మెక్‌గర్క్, జాన్ మెక్‌డొనాల్డ్ అను మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగ ఫలితాన్ని ప్రకటించారు. "గ" అని పలికే పెదవుల దృశ్యానికి "బ" అనే ధ్వనిని జోడించి వినిపించగా, చాలామందికి ఆ రెండూ కాక "డ" అనే ధ్వని వినిపించింది. దీనిని మెక్‌గర్క్ ప్రభావం అంటారు. పెదవుల కదలికకు, ధ్వనికి పొంతన లేకపోతే వినికిడి కూడా దెబ్బతింటుందని దీనివలన తెలుస్తుంది. వినికిడి లోపం గలవారు పెదవుల కదలికపై ఎక్కువగా ఆధారపడతారు కనుక, ఇతరులకు చికాకుగా మాత్రమే తోచే లోపం వారికి మాట అర్థం కాకుండా చేస్తుంది.

సంగీత, నాట్య ప్రదర్శనల వీడియోలలో కూడా ఈ లోపం ప్రస్ఫుటంగా కనిపిస్తుంది. కూచిపూడి నాట్యంలో పాదం నేలను తాకే క్షణం, గజ్జెల చప్పుడు, తాళం ఒకదానితో ఒకటి కలవాలి. ఫైలులో మూడు నాలుగు ఫ్రేముల తేడా వస్తే, తాళం తప్పని నర్తకి కూడా తాళం తప్పినట్లు కనిపిస్తుంది.

చరిత్ర

ఈ సమస్య కంప్యూటర్ల కంటే చాలా పాతది. వార్నర్ బ్రదర్స్ సంస్థ 1926లో ప్రవేశపెట్టిన వైటాఫోన్ పద్ధతిలో దృశ్యం ఫిల్ముపైన, శబ్దం 16 అంగుళాల గ్రామఫోను పళ్లెంపైన విడివిడిగా ఉండేవి. పళ్లెం నిమిషానికి 33⅓ చుట్లు తిరిగేది. 1927లో విడుదలైన ది జాజ్ సింగర్ చిత్రం ఈ పద్ధతిలోనిదే. ప్రదర్శనలో ఫిల్ము తెగితే చెడిన ఫ్రేములను కత్తిరించి మిగిలినదానిని అతికించవలసి వచ్చేది. పళ్లెంలోని శబ్దం మాత్రం తరగదు కనుక, అతుకు దాటిన తరువాత శబ్దం దృశ్యం కంటే వెనుకబడేది. దీనికి విరుగుడుగా, తీసివేసిన ఫ్రేములు ఎన్నో అన్ని నల్లని ఫ్రేములను అతుకువద్ద చేర్చేవారు.

తరువాత శబ్దాన్ని కూడా ఫిల్ము అంచునే ముద్రించే పద్ధతి స్థిరపడింది. ప్రొజెక్టరులో దృశ్యం ఆగి ఆగి కదలాలి, శబ్దపు జాడ మాత్రం ఒకే వేగంతో సాగాలి. ఆ కారణంగా శబ్దాన్ని చదివే భాగాన్ని దృశ్యపు కిటికీకి దూరంగా అమర్చి, 35 మిల్లీమీటర్ల ఫిల్ముపై శబ్దాన్ని దాని దృశ్యం కంటే సుమారు 20 ఫ్రేములు ముందుగా ముద్రించారు. ఫిల్మును తప్పుగా ఎక్కిస్తే పొంతన తప్పేది.

చిత్రీకరణలో దృశ్యాన్ని కెమెరా, శబ్దాన్ని వేరొక యంత్రం నమోదు చేసినపుడు వాటిని కలపడానికి క్లాప్ బోర్డు వాడుకలోకి వచ్చింది. బోర్డు మూసుకున్న ఫ్రేమును, "టప్" అనే చప్పుడును ఒకచోటికి చేర్చితే ఆ షాటు అంతా కలుస్తుంది. డిజిటల్ యుగంలో కూడా ఈ పద్ధతికి ప్రాముఖ్యం తగ్గలేదు.

టెలివిజన్ మరొక చిక్కును తెచ్చింది. అమెరికాలో 1953లో ఆమోదించిన ఎన్‌టీఎస్‌సీ రంగుల ప్రసార పద్ధతిలో ఫ్రేముల రేటును సెకనుకు 30 నుండి 29.97కు తగ్గించారు. భారతదేశంతో సహా పాల్ పద్ధతిని అనుసరించిన దేశాలలో ఈ రేటు 25. సినిమా ఫిల్ము రేటు 24. ఈ మూడింటి మధ్య మార్పిడి జరిగిన ప్రతిచోటా పొంతన తప్పే అవకాశం ఉంది.

ఫైలు నిర్మాణం

సాధారణంగా వీడియో ఫైలు ఒక పెట్టె వంటిది. ఏవీఐ, ఎంపీ4, మట్రోస్కా అనునవి ఇటువంటి పెట్టెల రకాలు. వీటిని కంటెయినర్లు అంటారు. ఒక్కొక్క పెట్టెలో దృశ్యం ఒక ప్రవాహంగా, శబ్దం మరొక ప్రవాహంగా కుదించబడి ఉంటాయి. ఈ రెండూ ముక్కలు ముక్కలుగా ఒకదాని ప్రక్కన ఒకటి అమర్చబడతాయి.

ఏ ముక్కను ఏ క్షణంలో ప్రదర్శించాలో ప్లేయరు తెలుసుకోవడానికి రెండు మార్గాలున్నాయి. మొదటిది లెక్కింపు. మైక్రోసాఫ్ట్ సంస్థ 1992లో ప్రవేశపెట్టిన ఏవీఐ ఫైలులో ప్రతి ఫ్రేముకు విడిగా సమయం రాసి ఉండదు. సెకనుకు ఇన్ని ఫ్రేములు అన్న సంఖ్యను బట్టి ప్లేయరు లెక్క కట్టుకుంటుంది. రెండవది కాలముద్ర. ఎంపెగ్ ప్రమాణాలలో ప్రదర్శన సమయాన్ని సెకనుకు 90,000 భాగాలుగా విభజించిన గడియారం ప్రకారం ముద్రిస్తారు. ఎంపీ4, మట్రోస్కా ఫైలులు కూడా ఇటువంటి కాల సమాచారాన్ని కలిగి ఉంటాయి. మొదటి పద్ధతిలో ఒక ఫ్రేము లోపిస్తే తరువాతి దృశ్యమంతా ముందుకు జరుగుతుంది. రెండవ పద్ధతిలో ఆ ఒక్క ఫ్రేము మాత్రమే లోపిస్తుంది, మిగిలినది తన స్థానంలోనే ఉంటుంది.

లోపాలలో రకాలు

పొంతన లోపాలను నాలుగు రకాలుగా విభజించవచ్చు.

1. స్థిరమైన అంతరం: ఫైలు మొదట్లో ఎంత తేడా ఉందో చివర కూడా అంతే ఉంటుంది.

2. పెరిగే అంతరం: మొదట్లో తేడా ఉండదు లేదా కొద్దిగా ఉంటుంది. సమయం గడిచేకొద్దీ అది సమానమైన రేటులో పెరుగుతుంది.

3. ఆకస్మిక అంతరం: కొంతదూరం సక్రమంగా సాగి, ఒకచోట హఠాత్తుగా పొంతన తప్పి, అక్కడి నుండి అదే తేడాతో కొనసాగుతుంది. ఒకే ఫైలులో ఇటువంటి చోట్లు అనేకం ఉండవచ్చు.

4. ప్రదర్శనలో ఏర్పడే అంతరం: ఫైలులో లోపం ఉండదు. కంప్యూటరు, టీవీ, స్పీకర్లు లేదా ఇయర్‌ఫోన్ల వలన తేడా ఏర్పడుతుంది.

కారణాలు

స్థిరమైన అంతరానికి సాధారణ కారణం ఫైలు ప్రారంభంలో జరిగే చిన్న పొరపాటు. శబ్దాన్ని కుదించే పద్ధతులు మొదట్లో కొంత నిశ్శబ్దాన్ని చేరుస్తాయి. ఉదాహరణకు కొన్ని ఏఏసీ ఎన్‌కోడర్లు 2,112 శాంపిళ్ల నిశ్శబ్దాన్ని చేరుస్తాయి. సెకనుకు 48,000 శాంపిళ్ల రేటు వద్ద ఇది 44 మిల్లీసెకన్లు. దానిని తొలగించమని తెలిపే సమాచారం మార్పిడిలో పోతే శబ్దం ఒక ఫ్రేము కంటే ఎక్కువ వెనుకబడుతుంది. వీడియో నుండి ఒక భాగాన్ని కత్తిరించినపుడు దృశ్యం ఒక పూర్తి ఫ్రేము వద్ద, శబ్దం మరొక క్షణం వద్ద మొదలుకావడం మరొక కారణం.

పెరిగే అంతరానికి ముఖ్యమైన కారణాలు మూడు. మొదటిది ఫ్రేముల రేటు తప్పుగా నమోదు కావడం. రెండవది శబ్దపు శాంపిలింగ్ రేటు తప్పుగా నమోదు కావడం. వీసీడీలలో ఈ రేటు సెకనుకు 44,100 కాగా, డీవీడీలలో సాధారణంగా 48,000. మూడవది దృశ్యాన్ని, శబ్దాన్ని రెండు వేర్వేరు యంత్రాలు నమోదు చేయడం. ప్రతి యంత్రం తనలోని స్ఫటికపు గడియారాన్ని అనుసరిస్తుంది. రెండు గడియారాల మధ్య పది లక్షలకు 50 వంతుల తేడా ఉంటే, గంటకు 0.18 సెకను అంతరం ఏర్పడుతుంది.

ఆకస్మిక అంతరానికి ఫ్రేములు జారిపోవడం ప్రధాన కారణం. పాత టేపును కంప్యూటరులోకి ఎక్కించేటపుడు కంప్యూటరు వేగం చాలకపోయినా, టేపు నలిగి సంకేతం తెగినా కొన్ని ఫ్రేములు నమోదు కావు. శబ్దం మాత్రం యథాతథంగా సాగుతుంది. సెకనుకు 25 ఫ్రేముల వీడియోలో 25 ఫ్రేములు జారిపోతే శబ్దం ఒక పూర్తి సెకను వెనుకబడుతుంది.

చరవాణులలో తీసిన వీడియోలకు ప్రత్యేకమైన కారణం మారుతూ ఉండే ఫ్రేముల రేటు. వెలుతురు తగ్గినపుడు చాలా చరవాణులు ఫ్రేముల రేటును తగ్గించుకుంటాయి. కాలముద్రలను గౌరవించే ప్లేయరులో ఈ వీడియో చక్కగా కనిపిస్తుంది. అదే ఫైలును స్థిరమైన రేటు ఉన్నదిగా భావించే ఎడిటింగ్ సాఫ్ట్‌వేరులోకి తీసుకుంటే పొంతన తప్పుతుంది. ఇటువంటి ఫైలులో అంతరం ఒకచోట పెరిగి మరొకచోట తగ్గడం కూడా జరుగుతుంది.

ప్రదర్శనలో ఏర్పడే అంతరానికి బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు తరచుగా కారణమవుతాయి. శబ్దాన్ని కుదించి, పంపి, తిరిగి విప్పడానికి పట్టే సమయం 100 మిల్లీసెకన్లను మించవచ్చు. దీనికి విరుద్ధంగా, టీవీ దృశ్యాన్ని మెరుగుపరచడానికి సమయం తీసుకుంటూ ఉండగా శబ్దం నేరుగా వేరే స్పీకర్లకు చేరితే, శబ్దం ముందు వినబడుతుంది. 2006లో వెలువడిన హెచ్‌డీఎంఐ 1.3 ప్రమాణంలో ఈ తేడాను పరికరాలు తమంతట తామే సరిచేసుకునే ఏర్పాటును చేర్చారు.

లోపాన్ని గుర్తించే విధానం

మొదట ఆ ఫైలును వేరొక ప్లేయరులో, వైరు గల ఇయర్‌ఫోన్లతో చూడాలి. లోపం మాయమైతే ఫైలును ముట్టుకోనవసరం లేదు. మిగిలిపోతే కొలత ప్రారంభించాలి.

కొలతకు స్పష్టమైన క్షణం కావాలి. చప్పట్లు, తలుపు మూసుకోవడం, గిన్నె క్రింద పెట్టడం, మృదంగంపై దెబ్బ వంటివి అనుకూలమైనవి. ఇటువంటివి లేనిచోట సంభాషణలోని ఓష్ఠ్యాలను ఆధారం చేసుకోవచ్చు. ప, ఫ, బ, భ, మ అక్షరాలను పలికేటపుడు పెదవులు పూర్తిగా మూసుకుని తెరుచుకుంటాయి. "అమ్మ", "పాప", "బాబు" వంటి మాటలలో పెదవులు విడివడే ఫ్రేమును, ధ్వని తరంగం పైకి లేచే చోటును పోల్చితే అంతరం తెలుస్తుంది. క, త, న వంటి అక్షరాలను పెదవులను చూసి గుర్తించడం కష్టం.

ఈ కొలతను ఫైలు మొదట్లో ఒకసారి, మధ్యలో ఒకసారి, చివర ఒకసారి తీసుకోవాలి. మూడు కొలతలు సమానమైతే అంతరం స్థిరమైనది. మధ్య కొలత, మొదటి, చివరి కొలతలకు సరిగా నడుమ ఉంటే అంతరం క్రమంగా పెరుగుతున్నది. ఈ రెండూ కాకపోతే ఆకస్మిక అంతరం గాని, మారే ఫ్రేముల రేటు గాని కారణమై ఉంటుంది.

అంతరం పెరిగే రేటును బట్టి కారణాన్ని ఊహించవచ్చు. గంట నిడివికి వచ్చే తేడాలు ఈ విధంగా ఉంటాయి:

సెకనులో కొంత భాగం మాత్రమే: రెండు యంత్రాల గడియారాల మధ్య తేడా.

3.6 సెకన్లు: 24కు బదులు 23.976, లేదా 30కి బదులు 29.97 ఫ్రేముల రేటు.

సుమారు 2 నిమిషాల 24 సెకన్లు: 24 ఫ్రేముల దృశ్యానికి 25 ఫ్రేముల ప్రతి నుండి తీసిన శబ్దం.

సుమారు 2 నిమిషాల 27 సెకన్లు: 23.976 ఫ్రేముల దృశ్యానికి 25 ఫ్రేముల ప్రతి నుండి తీసిన శబ్దం.

సుమారు 5 నిమిషాల 18 సెకన్లు: 48,000 రేటు గల శబ్దాన్ని 44,100 రేటులో వినిపించడం. ఈ సందర్భంలో గొంతు కూడా బొంగురుగా మారుతుంది.

సవరించే పద్ధతులు

ఏ సవరణకైనా ముందు అసలు ఫైలుకు ఒక నకలు తీసి భద్రపరచాలి. సవరణ ఎల్లప్పుడూ నకలుపైనే చేయాలి.

తాత్కాలిక సవరణ: ఒక్కసారి చూడడానికి మాత్రమే అయితే ఫైలును మార్చనవసరం లేదు. వీఎల్‌సీ ప్లేయరులో శబ్దాన్ని 50 మిల్లీసెకన్ల చొప్పున జరిపే సౌకర్యం ఉంది. విండోస్, లినక్స్ కంప్యూటర్లలో "కె" మీట శబ్దాన్ని ఆలస్యం చేస్తుంది, "జె" మీట ముందుకు తెస్తుంది. ఈ సవరణ ఫైలులో నమోదు కాదు. అంతరం ఎంతో తెలుసుకోవడానికి కూడా ఈ సౌకర్యం ఉపయోగపడుతుంది.

స్థిరమైన అంతరానికి: శబ్దపు ప్రవాహాన్ని మొత్తంగా ముందుకో వెనుకకో జరిపితే సరిపోతుంది. వర్చువల్‌డబ్‌లో శబ్దానికి సంబంధించిన ఇంటర్‌లీవింగ్ పేజీలోను, ఎంకేవీటూల్‌నిక్స్‌లో ఆలస్యం అను గడిలోను మిల్లీసెకన్ల సంఖ్యను ఇవ్వవచ్చు. ధన సంఖ్య శబ్దాన్ని ఆలస్యం చేస్తుంది, ఋణ సంఖ్య ముందుకు తెస్తుంది. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో ఇదే పనికి ఐటీఎస్ఆఫ్‌సెట్ అను ఐచ్ఛికం ఉంది. ఈ సవరణకు దృశ్యాన్ని మళ్లీ కుదించవలసిన అవసరం లేదు. ప్రవాహాలను ఉన్నవి ఉన్నట్లు కొత్త పెట్టెలోకి మార్చితే నాణ్యత ఏమాత్రం తగ్గదు, పని కూడా త్వరగా పూర్తవుతుంది.

పెరిగే అంతరానికి: శబ్దాన్ని జరపడం వలన ప్రయోజనం లేదు. శబ్దాన్ని సాగదీయాలి లేదా కుదించాలి, లేకపోతే దృశ్యపు ఫ్రేముల రేటును సరిచేయాలి. తప్పు రేటు ఫ్రేములదైతే దానిని సరిచేయడమే ఉత్తమం. వర్చువల్‌డబ్‌లో దృశ్యపు నిడివిని శబ్దపు నిడివికి సమానం చేసే ఏర్పాటు ఉంది. కాని ఫైలు చివర దృశ్యం లేని శబ్దమో, శబ్దం లేని దృశ్యమో మిగిలి ఉంటే ఈ లెక్క తప్పుతుంది. ఎంకేవీటూల్‌నిక్స్‌లోని సాగదీసే సౌకర్యం దృశ్యానికి, ఉపశీర్షికలకు తగినది, శబ్దానికి వాడదగినది కాదు. శబ్దాన్ని ఆడాసిటీ వంటి సాఫ్ట్‌వేరులో మార్చుకోవాలి.

ఆడాసిటీలో వేగాన్ని మార్చడం, టెంపోను మార్చడం అను రెండు వేర్వేరు ప్రక్రియలున్నాయి. వేగాన్ని మార్చితే శ్రుతి కూడా మారుతుంది. టెంపోను మార్చితే శ్రుతి మారకుండా నిడివి మాత్రమే మారుతుంది. 24 ఫ్రేముల చిత్రాన్ని 25 ఫ్రేముల రేటులో నడిపినపుడు శ్రుతి సుమారు ముప్పావు అర్ధస్వరం పెరుగుతుంది. ఆ శబ్దాన్ని వేగం మార్చి వెనుకకు తెస్తే అసలు శ్రుతి తిరిగి వస్తుంది. ఆ ప్రతిని తయారుచేసినవారు శ్రుతిని ముందే సరిచేసి ఉంటే మాత్రం టెంపోనే మార్చాలి. పాటల వీడియోలలో ఈ విచక్షణ తప్పనిసరి.

ఆకస్మిక అంతరానికి: పొంతన తప్పిన ప్రతిచోటా ఫైలును విభజించి, ఆ భాగపు శబ్దాన్ని విడిగా జరపాలి. ఫ్రేములు జారిపోయిన చోట అంతే సంఖ్యలో నల్లని ఫ్రేములను గాని, ముందరి ఫ్రేము నకళ్లను గాని చేర్చడం మరొక మార్గం. వైటాఫోన్ కాలంలో ప్రొజెక్టరు నడిపేవారు చేసిన పని ఇదే. శబ్దాన్ని కత్తిరించడం కంటే ఫ్రేములను చేర్చడం మేలు, ఎందుకంటే దీనివలన ఒక్క మాట కూడా పోదు.

మారే ఫ్రేముల రేటుకు: ఎడిటింగ్ మొదలుపెట్టక ముందే ఫైలును స్థిరమైన రేటుకు మార్చుకోవాలి. హ్యాండ్‌బ్రేక్ సాఫ్ట్‌వేరులో ఇందుకు స్థిరమైన ఫ్రేము రేటు అను ఐచ్ఛికం ఉంది. ఇందులో దృశ్యాన్ని మళ్లీ కుదించవలసి వస్తుంది కనుక నాణ్యతను ఎక్కువగా ఉంచుకోవాలి.

లెక్కకు ఉదాహరణ

ఒక వీడియోలో దృశ్యం ప్రకారం 1వ నిమిషం వద్ద శబ్దం 0.2 సెకను, 61వ నిమిషం వద్ద 3.8 సెకన్లు ఆలస్యంగా ఉన్నదనుకుందాం. 60 నిమిషాలలో అంతరం 3.6 సెకన్లు పెరిగింది. అనగా 3,600 సెకన్ల దృశ్యానికి 3,603.6 సెకన్ల శబ్దం ఉంది. కనుక శబ్దాన్ని 3,600/3,603.6 నిష్పత్తిలో, అనగా 1,000/1,001 నిష్పత్తిలో కుదించాలి.

కుదించిన తరువాత 60.2 సెకన్ల వద్ద ఉన్న మొదటి శబ్దం 60.14 సెకన్లకు చేరుతుంది. 3,663.8 సెకన్ల వద్ద ఉన్న రెండవ శబ్దం 3,660.14 సెకన్లకు చేరుతుంది. రెండుచోట్లా 0.14 సెకను ఆలస్యం మిగిలింది. పెరిగే అంతరం ఇప్పుడు స్థిరమైన అంతరంగా మారింది. శబ్దాన్ని 140 మిల్లీసెకన్లు ముందుకు జరిపితే ఫైలు మొత్తం సరిపోతుంది.

మొదట కొలిచిన 0.2 సెకనునే జరిపి ఉంటే శబ్దం 60 మిల్లీసెకన్లు ముందుకు వచ్చేది. అది మనిషి గుర్తించగల హద్దును దాటిన తేడా. అందువలన ముందు నిష్పత్తిని సరిచేసి, మళ్లీ కొలిచి, ఆ తరువాతనే శబ్దాన్ని జరపాలి. ఉపశీర్షికల కాలాన్ని సరిచేయడానికి కూడా ఇదే లెక్క వర్తిస్తుంది.

డబ్బింగ్ చిత్రాలు

ఒక భాష నుండి మరొక భాషకు అనువదించిన చిత్రాలలో పెదవుల కదలిక మాటకు పూర్తిగా సరిపోదు. తమిళం లేదా హిందీ నుండి తెలుగులోకి డబ్బింగ్ అయిన చిత్రంలో ఇది సహజం. అనువాద రచయితలు నటుల పెదవులు మూసుకునే చోట ఓష్ఠ్యాలు వచ్చేటట్లు మాటలను ఎంచుకోవడానికి ప్రయత్నిస్తారు గాని, ప్రతిచోటా అది సాధ్యం కాదు. దీనిని ఫైలు లోపంగా పొరబడి శబ్దాన్ని జరిపితే, అప్పటివరకు సరిగా ఉన్న ఇతర శబ్దాలు కూడా చెడిపోతాయి. నేరుగా తెలుగులో తీసిన అనేక చిత్రాలలో కూడా సంభాషణలను చిత్రీకరణ తరువాత స్టూడియోలో నమోదు చేయడం వాడుకలో ఉంది. అందువలన ఇటువంటి చిత్రాలలో పొంతనను మాటలతో కాక తలుపు చప్పుడు, వాహనం ఆగడం, చెంపదెబ్బ వంటి శబ్దాలతో పరీక్షించాలి.

పాత టేపుల సంరక్షణ

1980, 1990 దశకాలలో పెళ్లిళ్లు, పాఠశాల వేడుకలు, నాటకాలు, హరికథలు వీహెచ్ఎస్ టేపులపై విరివిగా నమోదయ్యాయి. వీటిలో చాలావాటికి మరొక ప్రతి లేదు. టేపుపై ఉన్న అయస్కాంత పూత కాలక్రమంలో క్షీణిస్తుంది. వీసీఆర్ యంత్రాలను చివరివరకు తయారుచేసిన జపాను సంస్థ ఫునాయ్ 2016 జూలైలో ఆ ఉత్పత్తిని నిలిపివేసింది. పనిచేసే యంత్రం దొరకడం కష్టమవుతున్నందున, ఈ టేపులను డిజిటల్ రూపంలోకి మార్చే అవకాశం చాలా ఇళ్లలో ఒక్కసారికే పరిమితం కావచ్చు.

ఇటువంటి మార్పిడిలో జారిపోయే ఫ్రేములే ప్రధాన సమస్య. టేపు సంకేతం అస్థిరంగా ఉంటుంది కనుక, దానిని స్థిరపరిచే టైమ్ బేస్ కరెక్టర్ అను పరికరాన్ని వీసీఆర్‌కు, కంప్యూటరుకు మధ్య అమర్చితే ఫ్రేములు జారిపోవడం బాగా తగ్గుతుంది. మార్పిడి జరుగుతున్నపుడు జారిపోయిన ఫ్రేముల సంఖ్యను సాఫ్ట్‌వేరు చూపిస్తూ ఉంటే దానిని గమనించాలి. సంఖ్య పెరుగుతూ ఉంటే ఆపి, టేపును వెనుకకు చుట్టి, మరల ప్రారంభించడం తరువాత చేసే సవరణ కంటే సులభం.

పొంతన తప్పిన ఫైలును పనికిరానిదిగా భావించి తొలగించడం సరికాదు. మరణించిన పెద్దల గొంతు, ముఖం రెండూ అందులో చెక్కుచెదరకుండా ఉంటే, తప్పినది వాటి మధ్యనున్న కాలం మాత్రమే. ఈనాడు సరిచేయలేకపోయినా, అసలు ఫైలు ఉన్నంతవరకు మరొకరు సరిచేయగలరు. ఒక ఫైలుకు చేసిన సవరణ వివరాలను, అనగా వాడిన నిష్పత్తి, జరిపిన మిల్లీసెకన్లు, విభజించిన చోట్లు అనువాటిని ఒక చిన్న పాఠ్య ఫైలులో రాసి ఉంచితే తరువాతివారికి పని తేలికవుతుంది.

చిత్రీకరణలో జాగ్రత్తలు

శబ్దాన్ని వేరే యంత్రంలో నమోదు చేస్తున్నపుడు ప్రతి షాటు మొదట్లోను, చివరను క్లాప్ కొట్టాలి. బోర్డు లేకపోతే కెమెరా ముందు చప్పట్లు కొట్టినా సరిపోతుంది. మొదటి చప్పట్లు స్థిరమైన అంతరాన్ని, చివరి చప్పట్లు పెరిగిన అంతరాన్ని తెలుపుతాయి.

శబ్దపు శాంపిలింగ్ రేటును అన్ని యంత్రాలలోను 48,000గా ఉంచాలి.

చరవాణిలో స్థిరమైన ఫ్రేముల రేటును ఎంచుకునే సౌకర్యం ఉంటే దానిని వాడాలి.

వేదికకు దూరంగా కెమెరా ఉంచినపుడు శబ్దం ప్రయాణించే సమయాన్ని లెక్కలోకి తీసుకోవాలి. 34 మీటర్ల దూరానికి సుమారు 100 మిల్లీసెకన్ల ఆలస్యం, అనగా రెండున్నర ఫ్రేములు, ఏర్పడుతుంది. మైకును వేదిక వద్దనే ఉంచితే ఈ ఆలస్యం ఉండదు.

ఇవి కూడా చూడండి

డబ్బింగ్
ఫ్రేము రేటు
ఎంపెగ్
మెక్‌గర్క్ ప్రభావం
వీఎల్‌సీ మీడియా ప్లేయర్
ఆడాసిటీ